రెఖ్మిరే గోడ మీది ఏనుగు

పదిహేనేళ్ల కిందటి మాట. నంద్యాలలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేవాణ్ణి. ఏడాదికోసారి వాళ్లను బేతంచెర్ల దగ్గరున్న బిలస్వర్గం గుహలకు తీసుకెళ్లడం నాకు అలవాటు. 1884, 85లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త, ఆయన కొడుకు హెన్రీ తవ్వి ఎముకలు బయటికి తీసిన గుహలవి. అక్కడ దొరికిన ఒక ఖడ్గమృగానికి లైడెకర్ అనే ఆయన ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని మన కర్నూలు పేరే పెట్టాడు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లల మొహాలు వెలిగేవి. ఆ ఏడు మాత్రం వెనకనుంచి ఒక కుర్రాడు, “సార్, పిరమిడ్లు కట్టేటప్పటికి మామత్‌లు ఇంకా బతికే ఉన్నాయంట కదా?” అన్నాడు.

“మామత్ మంచుయుగం నాటిది. పిరమిడ్ నిన్నగాక మొన్నటిది. కాస్త సినిమాలు తగ్గించు నాయనా” అన్నాను. అందరూ గొల్లుమన్నారు. వాడు తల దించుకున్నాడు.

వాడన్నది నిజం. రష్యాకు ఉత్తరాన సముద్రంలో రాంగెల్ అనే ద్వీపం ఉంది. అక్కడ మామత్‌లు, అంటే ఒళ్లంతా బొచ్చున్న మంచుయుగపు ఏనుగులు, దాదాపు 4,000 ఏళ్ల కిందటి వరకు బతికాయని 1993లోనే తేలింది. నేను పాఠం చెప్పే నాటికి ఆ వార్త పాతబడిపోయింది కూడా. నాకే తెలీదు. తెలిసిన రోజున భోజనం సయించలేదు. అప్పటినుంచి ఒకటే పిచ్చి: మనం ‘చరిత్రకు ముందువి’ అని పక్కన పెట్టేసిన జంతువుల్లో రాజుల కాలం దాకా వచ్చినవి ఏవేవి? వాటిని కళ్లారా చూసి బొమ్మ గీసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రిటైరయ్యాక, పోయిన ఏడాది జనవరిలో ఈజిప్టు బయల్దేరాను.

మొదటి రోజు

హైదరాబాద్ నుంచి అబుదాబి. మా అక్క కొడుకు అక్కడే సేఫ్టీ ఆఫీసరుగా చేస్తున్నాడు. వాడు వారం సెలవు పెట్టి నాతో వస్తానన్నాడు. కైరో విమానం రాత్రికి. మధ్యాహ్నమంతా ఖాళీ.

“ఏం చూస్తావు మామయ్యా? మసీదుకు పోదామా, మాల్‌కా?”

“ఉమ్ అల్ నార్ చూపించరా.”

వాడు నవ్వాడు. వాడికి తెలిసిన ఉమ్ అల్ నార్ ఆయిల్ రిఫైనరీ ఉన్న చోటు. లోపలికి పోనివ్వరు. వంతెన మీద కారు కాస్త నెమ్మది చేసి, “అదిగో, ఆ గొట్టాలే” అని చూపించాడు. చూశాను. గొట్టాలే. కానీ 1959లో డెన్మార్క్ పురావస్తువాళ్లు తవ్వడం మొదలుపెట్టింది ఆ దీవిలోనే. నాలుగున్నర వేల ఏళ్ల కిందటి గుండ్రటి రాతి సమాధులు, ఇళ్లు బయటపడ్డాయి. మన సింధు లోయ ఊళ్లతో వ్యాపారం చేసిన జనం. వాళ్ల చెత్తలో ఒక కొంగ ఎముక దొరికింది. మామూలు కొంగది కాదు. ఎముక కొలతను బట్టి ఆ పక్షి దాదాపు 2 మీటర్ల ఎత్తు ఉండాలి. అంటే మా మేనల్లుడు దాని ముందు నిలబడి తలెత్తి మాట్లాడాలి. 1970లలో దాన్ని పరిశీలించిన ఎల్లా హోక్ అనే శాస్త్రవేత్త దానికి ‘ఆర్డియా బెన్నుయిడిస్’ అని పేరు పెట్టింది. ఈజిప్టువాళ్లు కొలిచిన ‘బెన్ను’ అనే దేవతా పక్షికి మూలం ఇదేనేమో అని ఆమె ఊహ.

“ఇంత పెద్ద కొంగను వండుకు తిన్నారా?” అన్నాడు మావాడు. నేను పుస్తకంలో రాసుకోవాల్సిన ప్రశ్న వాడు అడిగేశాడు.

రెండో రోజు

కైరోలో పొద్దున చలి. శాలువా కప్పుకుని తహ్రీర్ చౌక్‌లోని పాత మ్యూజియానికి వెళ్లాం. ఎర్రటి భవనం, అద్దాల అలమారలు, మూలల్లో దుమ్ము. ఇలాంటి మ్యూజియం అంటేనే నాకు ఇష్టం. చిన్నప్పుడు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో మమ్మీని చూసి రాత్రి నిద్రపోని సంగతి గుర్తొచ్చింది.

అందరూ టుటన్‌ఖామున్ రాజు బంగారు ముసుగు వైపు పోతుంటే మేం కింది అంతస్తులోనే ఆగాం. ముందు నార్మర్ ఫలకం. క్రీ.పూ. 3100 నాటిది. అడుగున ఒక ఎద్దు కోట గోడను కొమ్ములతో పడగొట్టి, కింద పడిన మనిషిని తొక్కుతోంది. రాజే ఆ ఎద్దు. ఆ మెడ, ఆ కొమ్ముల వంపు చూస్తే పెరట్లో కట్టేసే ఎద్దును చూసి చెక్కినట్టు అనిపించదు. అప్పుడు నైలు పక్కన అడవి ఎద్దులుండేవి. ఇంగ్లీషులో ఆరోక్స్ అంటారు. మగది భుజం దగ్గర 180 సెంటీమీటర్ల దాకా పెరిగేది. దీని సంగతి మళ్లీ వస్తుంది.

ఆ తర్వాత బాతులు. నేను కైరోకు వచ్చిందే వీటికోసం అనొచ్చు. మైదూమ్ అనే ఊళ్లో, నెఫెర్‌మాత్ అనే రాకుమారుడి భార్య ఇతెత్ సమాధి గోడ నుంచి 1871లో తీసుకొచ్చిన సుద్దపూత ముక్క. పొడవు మీటరున్నర పైన, ఎత్తు జానెడున్నర లోపు. నాలుగువేల ఆరువందల ఏళ్ల రంగులు. ఆరు పెద్ద బాతులు, మూడు అటు, మూడు ఇటు. రెండు చివర్లలోవి మెడ వంచి గడ్డి కొరుకుతున్నాయి. మధ్యలో నాలుగూ దర్జాగా నడుస్తున్నాయి. ఈకల అంచులు ఒక్కొక్కటీ సన్నటి కుంచెతో దిద్దాడు. తోక దగ్గర బూడిద రంగు మీద తెల్ల గీత ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. నేను ముప్పై ఏళ్లు రికార్డు పుస్తకాల్లో బొమ్మలు దిద్దినవాణ్ణి. ఇంత శుభ్రంగా గీసిన పిల్లవాడు నాకు ఒక్కడూ తగల్లేదు.

ఆ నాలుగింటిలో రెండింటికి ఎర్రటి రొమ్ము. ఇన్నాళ్లూ అవి సైబీరియా నుంచి చలికాలంలో దిగివచ్చే ఎర్రరొమ్ము బాతులే అనుకున్నారు. 2021లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ రొమీలియో మచ్చలు, గీతలు ఒక్కొక్కటీ పోల్చి చూసి, ఇవి ఇప్పుడున్న ఏ బాతుతోనూ సరిపోవడం లేదు, అంతరించిపోయిన జాతి అయివుండొచ్చు అన్నాడు. ఇంకోవైపు 2015లో ఒక ఇటలీ పండితుడు అసలు ఈ బొమ్మే దొంగది, తవ్వి తెచ్చినాయనే గీసిపెట్టాడు అన్నాడు. ఈజిప్టువాళ్లు ఆ మాట కొట్టిపారేశారు.

నా తీర్పు అడిగితే, బొమ్మ అసలుదే. కొత్త జాతి అనడానికి మాత్రం నా చెయ్యి రాదు. ఎముక లేకుండా జాతిని ప్రకటిస్తే నేనైతే మార్కులు వెయ్యను. అయినా పక్కనున్న రెండు రకాలనూ పోలిక తప్పకుండా గీసిన మనిషి, ఈ ఒక్క జంట దగ్గరే చెయ్యి ఎందుకు జారాడు? అక్కడే అరగంట నిలబడిపోయాను. కాపలా ఆయన కుర్చీ నాకే ఇచ్చాడు.

అదే గదిలో రహోతెప్, నోఫ్రెత్ దంపతుల విగ్రహాలున్నాయి. పొదిగిన స్ఫటికపు కళ్లు మనల్నే చూస్తుంటాయి. మావాడు వాళ్ల ఎదురుగా ఎక్కువసేపు నిలబడలేకపోయాడు.

మూడో రోజు

గీజా. టాక్సీ దిగగానే ఒంటెలవాళ్లు చుట్టుముట్టారు. మమ్మల్ని చూసి “ఇండియా? అమితాబ్ బచ్చన్!” అని ఒకటే కేకలు. మావాడు ఒకడితో బేరం మొదలుపెట్టి, ఎక్కే ధర వేరు దిగే ధర వేరు అని తెలిశాక మానుకున్నాడు.

ఖుఫు పిరమిడ్ నీడలో కూర్చున్నాం. కట్టినప్పుడు 146 మీటర్లు, ఇప్పుడు 138. ఒక్కో పక్క 230 మీటర్లు. కింది వరస రాయి నా రొమ్ముదాకా వచ్చింది. క్రీ.పూ. 2560 ప్రాంతంలో ఇది పూర్తయింది. జేబులోంచి ప్రపంచ పటం తీసి రాతి మీద పరిచాను.

“ఇక్కడ వీళ్లు రాళ్లు లాగుతున్నారా... అదే రోజు, ఇదిగో, ఇక్కడ” అని పటం పైఅంచున రాంగెల్ మీద వేలు పెట్టాను. “మామత్ గడ్డి తింటోంది.”

మావాడు పటం చూసి, పిరమిడ్ చూసి, “ఇంకా ఎన్నాళ్లు తినింది?” అన్నాడు.

“ఇంకో అయిదొందల ఏళ్లు, అటూ ఇటుగా.”

రాంగెల్ 7,600 చదరపు కిలోమీటర్లు. మా నంద్యాల జిల్లా కంటే చిన్నది. పదివేల ఏళ్ల కిందట సముద్రం పెరిగి అది ప్రధాన భూమి నుంచి తెగిపోయింది. మిగతా చోట్ల మామత్‌లు పోయాయి, ఇక్కడ చిక్కుకున్నవి మిగిలాయి. 2024లో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం ఆ మంద ఒకప్పుడు ఎనిమిదింటికి పడిపోయి, మళ్లీ రెండు మూడు వందలకు పెరిగి, ఆరువేల ఏళ్లు అంతే నిలకడగా ఉందట. మేనరికాల వల్ల జబ్బులు వచ్చాయి గానీ, వాటివల్లే మెల్లగా క్షీణించి పోలేదు. చివర్లో ఏదో ఒక్కసారిగా ముంచింది. అలాస్కా దగ్గరి సెయింట్ పాల్ ద్వీపంలో ఇంకో మంద సుమారు 5,600 ఏళ్ల కిందట పోయింది. అక్కడి కారణం తెలిసింది: తాగే నీళ్లు. సముద్రం పెరిగి దీవి కుంచించుకుపోయింది, చెరువులో నీళ్లు తగ్గి ఉప్పెక్కాయి. రాయలసీమ వాణ్ణి కదా, ఆ పేరా చదివినప్పుడు గొంతు పట్టేసింది.

ఖుఫుకు మామత్ గురించి తెలీదు. మామత్‌కు ఖుఫు గురించి తెలీదు. హరప్పావాళ్లకు ఇద్దరి గురించీ తెలీదు. ఒకే పటంలో ముగ్గురూ ఉన్నారు. క్లాసులో నేను కాలాన్ని ఒక నిచ్చెనలా గీసేవాణ్ణి. కింది మెట్టు మీద జంతువులు, పై మెట్టు మీద మనుషులు. ఆ బొమ్మ తప్పు.

మధ్యాహ్నం కొషరీ తిన్నాం. అన్నం, కందిపప్పులాంటి పప్పు, మాకరోనీ, పైన టమాటా పులుసు, వేయించిన ఉల్లిపాయలు. “ఖిచిడీలో ఎవడో పాస్తా పారబోసుకున్నాడు మామయ్యా” అన్నాడు. రెండో ప్లేటు కూడా వాడే తెప్పించాడు.

నాలుగో రోజు

రాయడానికేం లేదు. నాకు కడుపు చెడింది. హోటల్ గదిలో పెరుగు, అన్నం. రాత్రికి లక్సోర్ రైలు ఎక్కాం.

అయిదో రోజు

లక్సోర్‌లో రైలు దిగి, పడవలో నైలు దాటి పడమటి గట్టుకు. అవతల చెరకు తోటలు, గాడిద బండ్లు, వాటి వెనక ఉన్నట్టుండి పచ్చదనం ఆగిపోయి తెల్లటి కొండ. ఆ కొండ చరియే షేక్ అబ్దుల్ కుర్నా. రాజులవి కాదు, మంత్రుల, ఉద్యోగుల సమాధులు. ఎండలో మెట్లెక్కి రెఖ్మిరే గుమ్మం దాకా పోయాక తెలిసింది, టికెట్ ఇక్కడ ఇవ్వరు, కింద రోడ్డు దగ్గర కౌంటర్లో కొనుక్కు రావాలని. తప్పు నాదే, ముందు కనుక్కోవాల్సింది. మావాడు ఏమీ అనకుండా దిగిపోయి తెచ్చాడు. ఆ గంట నేను గడప మీదే కూర్చున్నాను.

రెఖ్మిరే మూడో తుత్‌మోస్ దగ్గర మహామంత్రి. సుమారు క్రీ.పూ. 1450. లోపల అడ్డంగా ఒక హాలు, దాని మధ్యలోంచి లోపలికి పొడవాటి నడవా. ఆ నడవా కప్పు లోపలికి పోనుపోను ఎత్తవుతూ, కొండ కడుపులోకి నోరు తెరిచినట్టుంటుంది. కాపలా తాత గుమ్మంలో అద్దం పట్టుకుని ఎండను లోపలి గోడ మీదికి మళ్లించాడు. ఎడమ చేతి వైపు గోడంతా దేశదేశాల కప్పాలు, వరసలు వరసలుగా. పైన పుంత్ దేశం వాళ్లు. దానికింద క్రీటు వాళ్లు, చేతుల్లో పాత్రలు. మూడో వరసలో నూబియా వాళ్లు చిరుత, కొండముచ్చులు, జిరాఫీ తెస్తున్నారు. జిరాఫీ మెడ మీద ఒక కోతి పాకుతోంది. నాలుగో వరస సిరియా వాళ్లది.

తాత వెలుగును కాస్త కిందికి దించాడు. అదిగో.

మనిషి నడుం ఎత్తున ఒక ఏనుగు. మెడకు తాడు. తోలుకొచ్చేవాడి భుజాన ఒక దంతం. దగ్గర్లోనే తాడు కట్టిన ఎలుగుబంటి. ఏనుగు నెత్తి గుమ్మటంలా ఉబ్బి ఉంది. అంత చిన్న ఒంటికి దంతాలు మాత్రం ముదురువి, వంపు తిరిగినవి.

1994లో బరూఖ్ రోసెన్ అనే పరిశోధకుడు ‘నేచర్’ పత్రికలో దీనిమీద ఒక ప్రశ్న వేశాడు. ఇది పొట్టి మామత్ కాకూడదా అని. ఉబ్బు నెత్తి, చిన్న ఒళ్లు, పెద్ద దంతం మూడూ ఒకచోట చూసి వచ్చిన అనుమానం. తర్వాత ఇంకొకరు, మామత్ కాదు, గ్రీసులోని తిలోస్ ద్వీపంలో ఉండే పొట్టి ఏనుగేమో అన్నారు.

నేను అంతదూరం పోయింది అది మామత్ కావాలని. ఆ మాట దాచను. ఫోన్లో పెద్దది చేసి, కళ్లద్దాలు తుడిచి, మళ్లీ గోడ చూశాను. చూస్తున్నకొద్దీ ఆశ జారిపోయింది. పైవరసలో జిరాఫీని చూడండి. ఆ వరస ఎత్తులో ఇమడాలని దాన్నీ కుదించేశాడు. ఎలుగుబంటి కూడా బుజ్జి కుక్క అంతే ఉంది. ఏనుగునొక్కదాన్నే కొలబద్ద పెట్టి గీశాడని ఎలా అంటాం? పైగా రాంగెల్ మామత్‌లు మరీ పొట్టివి కావని ఈమధ్య తేలింది. రోసెన్ ప్రశ్న వేసేటప్పటికి అవి పొట్టివనే అనుకునేవారు. అక్కడినుంచి సిరియాకు ప్రాణంతో ఒకదాన్ని ఎవరు, ఎలా నడిపించుకొస్తారు? ఇది సిరియా ఏనుగు పిల్ల. ఉబ్బు నెత్తి మన ఆసియా ఏనుగుకూ ఉంటుంది.

“అయితే వేస్టేనా మామయ్యా, ఇంతదూరం?”

“వేస్టు కాదురా. ఆ సిరియా ఏనుగు కూడా ఇప్పుడు లేదు.”

అదే కొండ మీద అమెనెమ్‌హెబ్ అనే సైనికుడి సమాధి ఉంది. అతని గోడ మీద స్వీయకథ రాసి ఉంది. తుత్‌మోస్ రాజు సిరియాలో నియ్ అనే చోట 120 ఏనుగుల్ని వేటాడాడట. అన్నిటికన్నా పెద్దది రాజు మీదికి తిరగబడితే, అమెనెమ్‌హెబ్ నీళ్లలో రెండు రాళ్ల మధ్య నిలబడి దాని ‘చెయ్యి’ నరికాడట. తొండాన్ని చెయ్యి అన్నాడు. హస్తం ఉంది కాబట్టి హస్తి, కరం ఉంది కాబట్టి కరి అన్నారు మనవాళ్లు కూడా. నైలు పక్కన కూర్చున్నవాడికీ మనకూ ఏనుగును చూడగానే ఒకటే తోచింది. క్రీస్తుకు ఏడెనిమిది వందల ఏళ్ల ముందుకల్లా సిరియాలో ఏనుగన్నది లేకుండా పోయింది. దంతాల కోసం.

తాత అద్దం దించాడు. గోడ చీకటైంది. బక్షీషు ఇస్తే లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు.

ఆరో రోజు

పొద్దున దేర్ ఎల్ మెదీనా. రాజుల సమాధులు చెక్కిన పనివాళ్ల ఊరు. ఇన్‌హెర్ఖావు అనే మేస్త్రీ సమాధిలోకి వంగి, దాదాపు పాకుతూ దిగాలి. లోపల రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఒకచోట పిల్లి కత్తి పట్టుకుని పామును నరుకుతోంది. ఇంకోచోట మేస్త్రీ చేతులెత్తి బెన్ను పక్షికి దణ్ణం పెడుతున్నాడు. కొంగే. అబుదాబి వంతెన మీద మావాడు అడిగింది గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. దీనికీ ఉమ్ అల్ నార్ ఎముకకూ మధ్య వెయ్యేళ్లకు పైగా ఎడముంది. ముడి వేసింది ఒక ఊహ మాత్రమే. నాకు ఆ ఊహ నచ్చింది, నమ్మకం మాత్రం కుదరలేదు.

సాయంత్రం మదీనత్ హాబు. మూడో రామ్‌సెస్ గుడి. జనం లోపలి మండపాలకు పోతారు. మేం బయటినుంచి తిరిగి, మొదటి గోపురం దక్షిణ భాగం వెనక్కి వెళ్లాం. మనుషులెవరూ లేరు. పొద్దు వాలుతుంటే ఏటవాలు వెలుతురులో గోడ మీది గీతలన్నీ లేచాయి.

రాజు రథం మీదినుంచి ముందుకు వంగి, పొడవాటి ఈటె ఎత్తాడు. గుర్రాల కింద ఒక అడవి ఎద్దు వెల్లకిలా పడి కాళ్లు గాలిలో తన్నుతోంది. ఇంకొకటి రెల్లు దుబ్బుల్లోకి ఉరికి, నీళ్ల అంచున కూలబడింది. నీళ్లలో చేపలు, రెల్లు పైన బెదిరి లేచిన పిట్టలు. గుడి చెక్కమన్నది రాజు గొప్ప కోసం. చెక్కినవాడి మనసు మాత్రం ఎద్దు దగ్గరుంది. రాజు మొహం అన్ని గోడల మీదా ఒకటే, నున్నగా. ఆ ఎద్దు మెడ నరాలు మాత్రం ఒక్కసారే, ఇక్కడే.

అంతకు రెండు వందల ఏళ్ల ముందు మూడో అమెన్‌హోతెప్ ఒకే వేటలో 96 అడవి ఎద్దుల్ని చంపానని రాతి పేడపురుగు బిళ్లల మీద చెక్కించి ఊరూరా పంచిపెట్టాడు. అలా ఎన్నాళ్లు మిగులుతాయి? నైలు పక్కన పోయాయి. యూరప్‌లో ఇంకొంతకాలం దాక్కున్నాయి. చిట్టచివరి ఆవు 1627లో పోలండ్‌లోని యాక్టొరూఫ్ అడవిలో చచ్చిపోయింది. అప్పటికి గోల్కొండలో కుతుబ్‌షాహీలు ఏలుతున్నారు, చార్మినార్ కట్టి ముప్పై ఏళ్లు దాటింది.

ఏడో రోజు

తిరుగు విమానానికి ముందు, లక్సోర్ హోటల్ మేడ మీద కూర్చుని ఫొటోలు పంపాను. ఎవరికంటే, ఆ కుర్రాడికే. ఇప్పుడు ఒంగోలు దగ్గర పశువుల డాక్టరు. నంబరు కోసం రెండు నెలలు వెతికాను.

ముందు ఎద్దు ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. “మూపురం లేదు సార్. మన ఒంగోలు జాతి తాత వేరే శాఖ కదా, ఇండియాలోని అడవి ఎద్దుది. కానీ ఆ మెడ చూడండి! ఇట్లా పడిన ఎద్దుకు నేను ఇంజెక్షన్ చెయ్యాలంటే నలుగురు పట్టాలి.” తర్వాత రెఖ్మిరే ఏనుగు చూసి కొంచెంసేపు మాట్లాడలేదు. “ఒళ్లు పిల్లది, దంతం పెద్దది సార్. బొమ్మ గీసినాయన ఏనుగు పిల్లను రోడ్డు మీద చూసుంటాడు, దంతాల్ని గోడౌన్‌లో చూసుంటాడు.”

పుస్తకాల్లో చదివిన అన్ని వాదాలకన్నా అది బాగుందనిపించింది. ఇక ఆపుకోలేక అనేశాను. “ఒరేయ్, బిలస్వర్గంలో ఆ రోజు నువ్వు చెప్పిందే రైటు. నేనే తెలీక అందరి ముందూ కసిరాను.”

అవతల ఏదో గేదె అరిచింది. ఎవరినో పక్కకు జరగమని, మళ్లీ ఫోన్ దగ్గరికొచ్చాడు.

“నేనేం చెప్పాను సార్?”